పప్పు వడ్డించమంటారా అని ఆయన్నే అడగండి

పోయిన నెల బంధువుల పెళ్లిలో నాన్న, నేను ఒకే పంక్తిలో కూర్చున్నాం. వడ్డించే అబ్బాయి పప్పు గిన్నెతో వచ్చి, నాన్న విస్తరి ముందు వంగి, నా మొహం చూసి అడిగాడు: "పెద్దాయనకి పప్పు వెయ్యమంటారా అక్కా?"

నేను నోరు తెరిచేలోపే నాన్న ఎడమ చెయ్యి విస్తరి మీద అడ్డం పెట్టారు. వద్దని చెప్పడానికి పంక్తిలో ఎవరైనా చేసేది అదే. నోరున్నవాళ్లు కూడా అలాగే చెప్తారు. కానీ ఆ అబ్బాయి చెయ్యి వైపు చూడలేదు, ఇంకా నా జవాబు కోసమే చూస్తున్నాడు. ఎదురు వరసలోంచి ఒక పెద్దావిడ, "వెయ్యి నాయనా, మాట పోయిన మనిషి, ఆయనకేం తెలుస్తుంది" అంది. జాలిపడే అంది. వేడి పప్పు నాన్న వేళ్ల మీద పడింది.

నాన్న ఏమీ అనలేదు. చెయ్యి తుడుచుకుని మిగతా భోజనం చేశారు. నాకు మాత్రం ఆ రోజు ముద్ద దిగలేదు. నాలుగేళ్లకు పైగా మా ఇంట్లో జరుగుతున్నదంతా ఆ ఒక్క నిమిషంలో కళ్ల ముందు తిరిగింది. ఆ అబ్బాయి చేసిన పనే నేనూ చాలాకాలం చేశాను. అందుకే ఇది రాస్తున్నాను.

పక్షవాతం వచ్చిన మనిషికి మాట బాగుపడ్డాక మిగతావన్నీ చూద్దాంలే అని ఇంట్లోవాళ్లం కాచుక్కూర్చుంటాం. అప్పటిదాకా ఆయన తిండి, బట్టలు, డబ్బులు, రాకపోకలు అన్నీ మన చేతుల్లో పెట్టుకుంటాం. ఈ లెక్క తలకిందులుగా ఉందని నాకు గట్టిగా అనిపిస్తోంది. ఎవరి నిర్ణయాలు వాళ్లకి ముందు ఇచ్చేయాలి. మాట దాని వెనకాల వస్తుంది. రాకపోయినా ఆ నిర్ణయాలు ఆయనవే.

రైట్

నాన్న ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యారు. ఎక్కువ కాలం ఖమ్మం-సత్తుపల్లి లైన్లోనే. 2021 ఫిబ్రవరిలో ఒక తెల్లవారుజామున పళ్లు తోముకుంటుంటే బ్రష్ చేతిలోంచి జారిపోయింది, మూతి ఒక పక్కకి పోయింది. చలికి పట్టేసిందనుకుని అమ్మ చేతికి నూనె రాసింది. పక్కింటాయన షుగర్ పడిపోయిందేమో అన్నాడు. ఆసుపత్రికి చేరేసరికి మధ్యాహ్నమైంది. గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపు పడాలన్న సంగతి మాకు ఆ రోజే తెలిసింది. మెదడుకి ఎడమవైపు దెబ్బ తగిలింది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట ఒక్కసారే పోయాయి.

నాలుగో రోజు ఒక మాట వచ్చింది. "రైట్." ముప్పై ఏళ్లు బస్సులో నిలబడి రోజుకి ఎన్ని వందలసార్లు అని ఉంటారో ఆ మాట. నీళ్లు కావాలన్నా రైట్, వద్దన్నా రైట్. కోపమొస్తే గట్టిగా రైట్. నేను హైదరాబాద్ బయల్దేరుతుంటే గొంతు తగ్గించి రైట్. ఇంకోటి కూడా వచ్చేది, ఒక బూతు మాట. అది మాత్రం పాత రోజుల్లో అన్నంత స్పష్టంగా వచ్చేది. నర్సుల ముందు అమ్మ తల దించుకునేది.

ఇది మామూలేనని స్పీచ్ థెరపిస్టు చెప్పింది. అంకెలు, వారాల పేర్లు, పాటలు, దణ్ణం పెట్టుకుంటూ చదివే శ్లోకాలు, తిట్లు, ఇలా అలవాటు మీద నోటికొచ్చేవి చాలామందికి మిగులుతాయట. కావాలని వెతికి తెచ్చుకోవాల్సిన మాటే దొరకదు. దీన్ని అఫేసియా అంటారు. పక్షవాతం వచ్చినవాళ్లలో ఇంచుమించు మూడోవంతు మందికి వస్తుంది.

దాని గురించి చదువుతుంటే లెబోర్న్ అనే ఒక ఫ్రెంచి మనిషి కనిపించాడు. ముప్పై ఏళ్ల వయసులో మాట పోయి, పారిస్ దగ్గర బిసెత్ర్ ఆసుపత్రిలో చేరాడు. ఏం అడిగినా "టాన్, టాన్" అనేవాడు. అందరూ అతన్ని టాన్ అనే పిలిచారు. కోపమొస్తే అతనికీ ఒక తిట్టు వచ్చేది. 1861లో అతను చనిపోయాక పాల్ బ్రోకా అనే డాక్టరు మెదడు పరీక్షించి, ఎడమవైపు ముందుభాగంలో దెబ్బ చూపించాడు. మాట పుట్టేది అక్కడనే వాదనకి అది పెద్ద సాక్ష్యమైంది. డాక్టర్లు అతన్ని అందుకే గుర్తు పెట్టుకున్నారు. నాకు మాత్రం బ్రోకా రాసిపెట్టిన ఇంకో చిన్న సంగతి దగ్గర చూపు ఆగిపోయింది. ఇక్కడ ఎన్నేళ్లుగా ఉన్నావని అడిగితే, లెబోర్న్ చెయ్యి నాలుగుసార్లు విప్పి చూపించి, చివర ఒక్క వేలు చూపించాడట. ఇరవై ఒకటి. లెక్క సరిగ్గా ఉంది. కుడి చెయ్యి అప్పటికే పడిపోయింది, కాబట్టి అదీ ఎడమ చెయ్యే.

చెయ్యి చూసినవాడు కాబట్టి బ్రోకాకి జవాబు దొరికింది.

"నేనెవరో చెప్పు చూద్దాం"

ఇంటికి తెచ్చాక చూడ్డానికి వచ్చినవాళ్లందరూ మంచం పక్కన కూర్చుని ఇదే అడిగారు. "నేనెవర్ని పెదనాన్నా? నా పేరు చెప్పు." "ఈమె ఎవరు? గుర్తుపట్టావా?" ప్రేమతోనే అడిగారు. నాన్న నోరు కదిలేది, మొహం ఎర్రబడేది, చివరికి "రైట్" అనేవారు. వచ్చినవాళ్లు బయట వరండాలో చెప్పులేసుకుంటూ "జ్ఞాపకం పోయిందమ్మా పాపం" అనేవారు.

అఫేసియాలో చాలామందికి ఆలస్యంగా, కష్టంగా దొరికేవి పేర్లే. మనిషి తెలుసు, ఏ ఊరివాడో, ఎప్పుడు అప్పు తీసుకున్నాడో అన్నీ తెలుసు. పేరు ఒక్కటే రాదు. మనం ఏరి ఏరి అదే అడుగుతాం. పైగా అడిగేవాడికి జవాబు ముందే తెలుసు, వినేవాడికీ ఆ సంగతి తెలుసు. అది మాట్లాడించడం అవదు, పరీక్ష పెట్టడం అవుతుంది. డెబ్బై ఏళ్ల మనిషికి రోజూ పదిమంది ముందు పరీక్ష పెట్టి రోజూ ఫెయిల్ చేస్తే ఆయన ఏం చేస్తారు? నాన్న గోడ వైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టారు.

దీన్ని మార్చింది నేనూ కాదు, థెరపీ కూడా కాదు. నాన్నతో పాటు డిపోలో పనిచేసిన ఒక డ్రైవర్ చాచా. ఆయన వచ్చి పేరు అడగలేదు. కుర్చీ లాక్కుని, తన ఇంటి గొడవ చెప్పడం మొదలుపెట్టారు, సగం ఉర్దూ, సగం తెలుగు. కొడుకు ఆటో కొంటానంటున్నాడు, కొననివ్వనా వద్దా అని నిజంగానే సలహా అడిగారు. అడిగి ఊరుకున్నారు. తొందరపెట్టలేదు, తనే జవాబు అందించలేదు. టీ చల్లారిపోయింది. చాలాసేపటికి నాన్న "నక్కో" అన్నారు. ఎన్నో వారాల తర్వాత మేం విన్న మొదటి కొత్త మాట అది.

ఆటో కొనొద్దన్నారు. ఆ సలహా మంచిదో కాదో నాకు తెలియదు. చాచా మాత్రం "అయితే వద్దంటాలే భాయ్" అని లేచి వెళ్లారు.

ఇంటికి ఎవరైనా వస్తే ఇప్పుడు గుమ్మం దగ్గరే చెప్తున్నాను. పేరు అడక్కండి, మీకు నిజంగా కావాల్సింది ఏదైనా అడగండి. అడిగాక మనసులో పది లెక్కపెట్టండి. పది చాలా పొడుగ్గా ఉంటుంది, ఒకసారి లెక్కపెట్టి చూడండి. మనం మూడు దగ్గరే వాళ్ల నోట్లో మాట పెట్టేస్తాం.

ఖమ్మం, వైరా, తల్లాడ

థెరపీ గురించి కూడా చెప్పాలి. మొదటి మూడు వారాలు హైదరాబాద్‌లో నేరుగా, తర్వాత ఫోన్లో వీడియో కాల్స్ మీద నడిచింది. మొదట్లో అ-ఆలు, బొమ్మల కార్డులు. ఆవు, చెట్టు, గొడుగు. నాన్న కార్డులు విసిరికొట్టేవారు. ఒకరోజు ఆ థెరపిస్టు అమ్మాయి "అంకుల్ ఏ రూట్లో చేసేవారు?" అని అడిగి, నా దగ్గర స్టేజీల పేర్లు రాయించుకుంది. తర్వాత "ఖమ్మం..." అని తను మొదలుపెట్టి ఆగింది. నాన్న "వైరా, తల్లాడ, కల్లూరు, పెనుబల్లి, సత్తుపల్లి" అని ఒక్క గుక్కలో అనేశారు. అమ్మ వంటింట్లోంచి గరిటెతో సహా పరిగెత్తుకొచ్చింది.

మాట వచ్చేసిందని మేం సంబరపడ్డాం గానీ రాలేదు. వరస మీద వచ్చింది. మధ్యలోంచి తల్లాడ ఒక్కటే చెప్పమంటే రాదు. తల్లాడలో మా మేనత్త ఉంటుంది. అత్తయ్య ఎక్కడుంటుంది నాన్నా అంటే, లోపల్లోపల ఖమ్మం నుంచి బయల్దేరి, పెదాలతో వైరా దాటి, అప్పుడు తల్లాడ దగ్గర దిగేవారు. ఒక్కోసారి దిగడం మర్చిపోయి సత్తుపల్లి దాకా వెళ్లిపోయేవారు. వరసలో వచ్చే మాటని వరస నుంచి విడదీసి చేతికివ్వడమే ఆ అమ్మాయి చేసిన పనంతా. దానికి ఏడాదిన్నర పట్టింది.

ఆ ఏడాదిన్నరలో మేం ఎక్కువసార్లు విన్న మాట ఇది: "ఆరు నెలల్లో వచ్చిందే లెక్క, తర్వాత ఇంకేం రాదు." చుట్టాలే కాదు, తెల్లకోటు వేసుకున్నవాళ్లు కూడా అన్నారు. మొదటి వారాల్లో, నెలల్లో వచ్చే మెరుగుదల ఎక్కువన్నది నిజం. ఆ తర్వాత తలుపు మూసుకుపోతుందన్నది నిజం కాదు. 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో జర్మనీ నుంచి ఒక అధ్యయనం వచ్చింది. పక్షవాతం వచ్చి ఆరు నెలలు దాటినవాళ్లనే, 150 మందికి పైగా తీసుకున్నారు. మూడు వారాల పాటు, వారానికి పది గంటలకి తగ్గకుండా స్పీచ్ థెరపీ ఇచ్చారు. వాళ్ల మాట మెరుగుపడింది. తమ వంతు కోసం ఆగినవాళ్లకి ఆ మూడు వారాల్లో మార్పు లేదు. పది గంటలన్న మాట చదివి నేను పెన్ను కింద పెట్టేశాను. మాకు దొరుకుతున్నది వారానికి రెండుసార్లు, సారికి నలభై నిమిషాలు. చాలా ఇళ్లకి అదీ దొరకదు. రానిది ఆరు నెలలు దాటినందువల్లా, గంటలు చాలనందువల్లా అని అడిగే అవకాశమే లేకుండా ఆ ఒక్క వాక్యంతో ఆశ కోసేస్తారు. ఆశ పోయిన ఇంట్లోకి నాటువైద్యం పేరుతో పావురం రక్తం వస్తుంది. మా ఇంటికీ వచ్చింది. ఒక బంధువు వద్దన్నా వినకుండా తెచ్చి కాలికి పూశారు. నాన్న ఆ రోజు ఆయన్ని ఆ బూతు మాటతో తిట్టారు. నేను ఆపలేదు.

ఎడమ చెయ్యి

మన ఇళ్లలో స్వతంత్రంగా బతకడానికి పెద్ద అడ్డంకి మెట్లూ, బాత్రూంలే కాదు. ఎడమ చెయ్యి కూడా. ఎడమచేత్తో అన్నం తినడం, డబ్బులివ్వడం, ప్రసాదం తీసుకోవడం తప్పని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగినవాళ్లం. నాన్న ఏడాది పాటు ఎవరి ముందూ తినలేదు. అమ్మ కలిపి పెట్టేది. చెంచా ఇస్తే పక్కకి తోసేవారు. లుంగీ కట్టుకోవడానికి రెండు చేతులు కావాలి కాబట్టి ఎలాస్టిక్ పైజామా తెచ్చాను. వారం రోజులు నాతో మాట్లాడలేదు. మాటలు లేని మనిషి మాట్లాడకపోవడం ఎలా ఉంటుందో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది.

అమ్మతో నాకు గొడవైంది ఇక్కడే. "నువ్వు తినిపిస్తే ఆయన ఎప్పటికీ తినరు" అన్నాను. అమ్మ చేస్తున్న పని ఆపకుండా చెప్పింది: "నేను తినిపిస్తే పది నిమిషాలు. ఆయన తింటే ముప్పావుగంట, తర్వాత నేల తుడుచుకోవడం, చొక్కా మార్చడం. చొక్కా ఆయన వేసుకుంటే ఇంకో పావుగంట. నువ్వు నెలకి రెండుసార్లు వచ్చి చెప్పి పోతావు. మిగతా రోజులు ఎవరివి?"

దీనికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ పూర్తిగా లేదు. ఆయన స్వతంత్రంగా ఉండాలని అనడం తేలిక. దానికి పట్టే ముప్పావుగంట ఆమె రోజులోంచి పోతుంది. ఆమెకి బీపీ, మోకాళ్ల నొప్పి. ఇవన్నీ పక్కన పెట్టి ఇంట్లోవాళ్లదే తప్పనడం అన్యాయం. చివరికి మేం ఇద్దరం కలిసి ఒక ఒప్పందానికి వచ్చాం. రోజుకి ఒక్క పని పూర్తిగా ఆయనదే. ఎంతసేపైనా సరే, ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. ఏ పనో ఆయనే ఎంచుకోవాలి. మేం భోజనం అనుకున్నాం. ఆయన గెడ్డం గీసుకోవడం చూపించారు.

అన్నం ఎడమచేత్తో తినడం అదంతట అదే కొన్ని నెలల తర్వాత మొదలైంది. ఒకరోజు అమ్మ గుడికెళ్లి ఆలస్యంగా వచ్చేసరికి కంచం ఖాళీగా ఉంది.

సంతకం

2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టంలో మాట, భాష వైకల్యం ఒక విభాగం. దాని వివరణలో అఫేసియా పేరు కూడా రాసి ఉంది. అంటే చట్టం దృష్టిలో ఇది మాటకి వచ్చిన వైకల్యం. బయట ప్రపంచం దృష్టిలో మాత్రం మతి పోవడం.

పెన్షన్ డబ్బులు తీయడానికి బ్యాంకుకి వెళ్లాం. కుడి చెయ్యి పనిచేయదు కాబట్టి సంతకం కలవలేదు. కౌంటర్‌లో ఉన్నాయన నాకు మంచి చేస్తున్నాననే అనుకుని, "ఆయనకి మాట రాదు కదమ్మా, అకౌంట్ మీ పేరు మీదకి మార్పించేసుకుంటే మీకే సుఖం" అన్నారు. నాన్న నా పక్కనే నిలబడి వింటున్నారు. బాబాయికి కూడా అదే సబబనిపించింది. నిజం చెప్పాలంటే ఒక్క క్షణం నాకూ అనిపించింది.

సంతకం చేయలేని వృద్ధులు, జబ్బుపడ్డవాళ్లు వేలిముద్రతో డబ్బు తీసుకోవచ్చని రిజర్వ్ బ్యాంకు నిబంధనల్లోనే ఉంది. చెయ్యి కుదరకపోతే కాలి వేలిముద్ర అయినా సరే. ఇద్దరు సాక్షులు ఉండాలి, వాళ్లలో ఒకరు బాధ్యత గల బ్యాంకు అధికారి అయి ఉండాలి. ఇది ప్రింటు తీసుకుని మళ్లీ వెళ్లాను. మేనేజర్ ఒప్పుకున్నారు. ఇంకు ప్యాడ్ తెచ్చి ముందు పెట్టారు.

నాన్న ఒప్పుకోలేదు. ఎడమ చెయ్యి గుప్పిట బిగించి వెనక్కి పెట్టుకున్నారు. ఎంత బతిమాలినా రైట్, రైట్ అని తల అడ్డంగా ఊపారు. ఇంటికొచ్చాక గానీ నాకు తట్టలేదు. వాళ్ల నాన్న నిశానీ. ఆ ఇంట్లో మొదట సంతకం పెట్టినవాడు ఈయన. ప్రతి ట్రిప్పులో, ప్రతి స్టేజీకి, ఊగే బస్సులో నిలబడి అంకెలు తప్పకుండా ఎస్ఆర్, అంటే టికెట్ల లెక్క షీటు, రాసిన మనిషిని వేలిముద్ర వెయ్యమన్నాం.

నా పాత నోట్‌బుక్ ఒకటి లాక్కుని ఎడమచేత్తో రాయడం మొదలుపెట్టారు. మేం చెప్పలేదు, థెరపిస్టూ చెప్పలేదు. రెండు నెలలు, రోజూ మధ్యాహ్నం రెండు పేజీలు. మొదట్లో గీతలు, తర్వాత వంకర అక్షరాలు. ఆ తర్వాత బ్యాంకులో కొత్త నమూనా సంతకం ఇచ్చారు. ఇప్పుడు ఆయన డబ్బు ఆయనే తీస్తారు. నోట్లు లెక్కపెట్టేటప్పుడు పెదాలు కదులుతాయి. ఒకటి నుంచి గొంతు వినిపిస్తుంది. ఆయన నోటి నుంచి రోజూ వచ్చే మాటల్లో సగం అంకెలే, అవన్నీ డబ్బు చేతికొచ్చాకే తిరిగొచ్చాయి. అకౌంట్ నా పేరు మీదకి మార్చి ఉంటే ఆయన ఏం లెక్కపెట్టేవారు?

పడిపోయిన రోజు

ఇంతా రాసి ఈ సంగతి దాచడం తప్పవుతుంది. మూడో ఏడు నాన్న ఒక్కరే సందు చివర టీ కొట్టుకి వెళ్తానని చెప్పుల వైపు చూపించారు. అమ్మ వద్దంది. నేనే పట్టుబట్టి పంపించాను. జేబులో ఒక కార్డు పెట్టాను: "నాకు పక్షవాతం వచ్చింది. మీ మాట నాకు అర్థమవుతుంది. జవాబు చెప్పడానికి టైం పడుతుంది, కాస్త ఆగండి." కింద ఫోన్ నంబర్. పదకొండో రోజు కాలువ గట్టు దగ్గర పడిపోయారు. నుదురు చిట్లి నాలుగు కుట్లు పడ్డాయి. తుంటి ఎముక విరిగి ఉంటే మళ్లీ మంచమే. అమ్మ నన్ను ఏమీ అనలేదు, బాబాయి అన్నారు. ఆయన అన్నదానిలో తప్పు లేదు.

అఫేసియాలో అందరూ నాన్నలాంటివాళ్లు కారని కూడా నాకు తెలుసు. మాట ధారాళంగా వస్తూ అర్థం ఉండని రకం ఉంది, ఎదుటివాళ్ల మాట కూడా బోధపడని రకం ఉంది. అలాంటివాళ్ల చేతిలో చెక్‌బుక్ పెట్టమని నేను అనను. అలాంటి మనిషికీ రెండు చొక్కాలు ఎత్తి చూపించి ఏది కావాలో అడగొచ్చు. ఎంతవరకు ఇవ్వాలన్నది ఇంటింటికీ మారుతుంది, ఏడాది ఏడాదికీ మారుతుంది. ఎవరూ అడగకుండా మొత్తం తీసేసుకోవడం మీదే నా కోపం.

కుట్లు విప్పిన మూడో రోజు నాన్న మళ్లీ చెప్పులు చూపించారు. అమ్మే లేచి అందించింది. చేతికర్ర కూడా ఇచ్చింది. అంతకుముందు కర్ర ముట్టనివారు, ఆ రోజు తీసుకున్నారు.

పోయిన బుధవారం రాత్రి ఫోన్ మోగింది. నాన్న ఫోన్లో నా ఫొటో నొక్కి తనే చేస్తారు, ఎత్తాక చాలాసేపు ఊపిరి చప్పుడే వినిపిస్తుంది. నేను లెక్కపెట్టుకుంటూ కూర్చుంటాను. ఆరు దగ్గర "తల్లాడ" అన్నారు. ఖమ్మం అనలేదు, వైరా అనలేదు.

"అత్తయ్య దగ్గరికా నాన్నా?"

"రైట్. బస్సు." కొంచెం ఆగి, "నేను."

ఒక్కరే వెళ్తారట. వెనక నుంచి అమ్మ గొంతు, "చెప్పవే, వద్దని చెప్పు" అంటోంది. ఇంత వ్యాసం రాయగలిగినదాన్ని ఆ నిమిషంలో సరేననలేకపోయాను. వద్దని కూడా అనలేదు. కొత్త బస్టాండ్‌లో తోపులాట, ఎత్తు మెట్లు, కుదుపులు అన్నీ కళ్ల ముందు తిరిగాయి.

ఆదివారం నేను ఖమ్మం వెళ్తున్నాను. అరగంట బేరమాడాక ఒప్పందం ఇలా కుదిరింది. ఆయన ముందు సీట్లో, నేను నాలుగు వరసలు వెనక. ఎక్కేటప్పుడు చెయ్యి పట్టుకోకూడదు. కండక్టర్ వస్తే టికెట్ ఆయనే అడగాలి, నేను కిటికీలోంచి బయటకి చూడాలి.